శంషాబాద్ కథలు – 9: వేలం పాట, జీతం బాకీ

పోయిన సంచికలో శంషాబాద్ రన్‌వే పూర్తయ్యే దాకా వచ్చి ఆగాం. 4,260 మీటర్ల పొడవు, ఏడాదికి కోటీ ఇరవై లక్షల మంది ప్రయాణికులకు సరిపోయే టెర్మినల్. 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరిగింది. 23వ తేదీ వచ్చిన అర్ధరాత్రి బేగంపేట మూతపడింది, నగరానికి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ శంషాబాద్ దారి పట్టారు. ఈసారి ఆటగాళ్ల గురించి, వాళ్ల జీతాల గురించి, ఆ జీతాలు ఎవరి పూచీ మీద నిలబడ్డాయో దాని గురించి రాస్తాను. విమానాశ్రయం చరిత్రలో క్రికెటర్ల జీతాలెందుకని మీకు తోచవచ్చు. ఈ రెండు కథలూ ఒకే ఏడాది, ఒకే వ్యాపార వాతావరణంలో పుట్టాయి. ఒకదాన్ని పక్కన పెట్టి రెండోది చెబితే సగమే చెప్పినట్టవుతుంది.

విమానాశ్రయం తెరవడానికి రెండు నెలల ముందు, 2008 జనవరి 24న ముంబయిలో ఇండియన్ ప్రీమియర్ లీగ్ జట్ల వేలం జరిగింది. ఎనిమిది జట్లకు కలిపి 72 కోట్ల 36 లక్షల డాలర్ల దాకా పాట వెళ్లింది. అందులో ఇద్దరు పాటదారులు మనవాళ్లు. శంషాబాద్ విమానాశ్రయం కడుతున్న జీఎంఆర్ సంస్థ ఢిల్లీ జట్టును 8.4 కోట్ల డాలర్లకు పాడుకుంది. ఆ సంస్థను పెట్టిన గ్రంధి మల్లికార్జునరావుది ఉత్తరాంధ్రలోని రాజాం. హైదరాబాద్ జట్టును దక్కన్ క్రానికల్ పత్రికా సంస్థ 10.7 కోట్ల డాలర్లకు పాడుకుంది. ముంబయి, బెంగళూరు తర్వాత దేశంలో అదే పెద్ద పాట. సొమ్మంతా ఒకేసారి కట్టనక్కర్లేదు, పదేళ్ల వాయిదాలు. అప్పటి మారకం ప్రకారం డాలరు నలభై రూపాయలనుకుంటే, హైదరాబాద్ జట్టు మీద ఏటా పడే వాయిదా దగ్గరదగ్గర 43 కోట్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాల్సి ఉంది.

ఫిబ్రవరి 20న ఆటగాళ్ల వేలం. మన ఊళ్లలో చెరువు చేపలకు పాట పెడతారు, చింతచెట్లకు పెడతారు, సంత తైబజారుకు పెడతారు. మనుషులకు పాట పెట్టడం మాత్రం అప్పటిదాకా మనం చూడలేదు. ఆ రోజు ధోనీ 15 లక్షల డాలర్లకు చెన్నైకి వెళ్లాడు. ఆ తర్వాతి పెద్ద పాట హైదరాబాద్‌దే. ఆస్ట్రేలియా ఆల్‌రౌండర్ ఆండ్రూ సైమండ్స్‌కు 13 లక్షల 50 వేల డాలర్లు, అంటే ఏడాదికి అయిదు కోట్ల నలభై లక్షల రూపాయలు. ఆర్పీ సింగ్‌కు 8 లక్షల 75 వేలు, ఇరవై ఏళ్ల రోహిత్ శర్మకు 7 లక్షల 50 వేలు, గిల్‌క్రిస్ట్‌కు 7 లక్షలు, అఫ్రిదీకి 6 లక్షల 75 వేలు, గిబ్స్‌కు 5 లక్షల 75 వేలు.

ఈ వేలంలో హైదరాబాద్ గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. లీగ్ వాళ్లు కొందరు ఆటగాళ్లను 'ఐకాన్' అని పిలిచి, సొంత నగరానికే కట్టేసి, జట్టులో అందరికంటే ఎక్కువ జీతం దక్కేవాడి మీద పదిహేను శాతం అదనంగా ఇవ్వాలని నియమం పెట్టారు. టెండూల్కర్, ద్రవిడ్, గంగూలీ, సెహ్వాగ్, యువరాజ్ ఆ జాబితాలో ఉన్నారు. వీవీఎస్ లక్ష్మణ్‌కూ ఆ హోదా ఇవ్వజూపితే వద్దన్నాడు. తనకు పోయే డబ్బు మిగిలితే జట్టు ఇంకో మంచి ఆటగాణ్ని తెచ్చుకోగలదని ఆయన లెక్క. చివరికి 3 లక్షల 75 వేల డాలర్లకు జట్టులోకి వచ్చి కెప్టెన్ అయ్యాడు. సైమండ్స్ జీతం మీద పదిహేను శాతం కలిపి చూస్తే లక్ష్మణ్ వదులుకున్నది ఎంతో తెలుస్తుంది: ఏడాదికి 11 లక్షల డాలర్ల పైచిలుకు. జట్టు జమాఖర్చు గురించి, తన జేబును పక్కన పెట్టి ఆలోచించిన ఆటగాడు ఆ రోజు దేశం మొత్తంలో నాకు ఆయనే కనిపిస్తాడు.

ఒక జట్టు ఆటగాళ్ల మీద ఏడాదికి 50 లక్షల డాలర్లకు మించి ఖర్చు పెట్టకూడదని లీగ్ గీత గీసింది. రూపాయల్లో ఇరవై కోట్లు. అందులో నాలుగోవంతుకు పైగా ఒక్క సైమండ్స్‌కే పోయింది. ఆ ఏడాది హైదరాబాద్‌లో జనం నోట నానిన మాట ఇదే: ఒక్కడికి అంత డబ్బా, ఈ జట్టు మునుగుతుంది అని. జట్టు మునిగిన మాట నిజమే. మునగడానికి కారణం మాత్రం అది కాదు. ఆటగాళ్ల జీతాలన్నీ కలిపి ఇరవై కోట్లు. జట్టు పాట వాయిదా 43 కోట్లు. కంటికి కనిపించే ఖర్చు కంటే కనిపించనిది రెట్టింపు. జనం సైమండ్స్‌ను చూస్తున్నారు, చూడాల్సింది వాయిదాను, ఆ వాయిదా కట్టే సంస్థ మెడ మీదున్న అప్పును.

ఇక్కడ శంషాబాద్ పాత చరిత్ర నాకు దారి చూపిస్తుంది. మొదటి భాగాల్లో చెప్పుకున్నాం, ఈ ఊరికి పేరు పాయిగా ప్రభువుల షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు మీద వచ్చింది. నిజాంకు సొంత సైన్యాన్ని పోషించి పెట్టడం పాయిగాల పని. ఆ సిపాయిల జీతాల కోసం వాళ్లకు జాగీరు ఊళ్లు ఇచ్చారు. అంటే జీతానికి వెనక భూమి ఉంది. పంట పండితే జీతం వస్తుందన్న భరోసా ఆ సిపాయికి ఉంది. అదే హైదరాబాద్ రాజ్యంలో ఇంకో సైన్యం ఉండేది, బ్రిటిష్ అధికారుల చేతి కింద నడిచే హైదరాబాద్ కంటింజెంట్. దాని జీతాలు నిజాం ఖజానాయే ఇవ్వాలి, కానీ ఆ జీతాలకని కేటాయించిన రాబడి లేదు. బాకీ పేరుకుపోయింది. చివరికి 1853 మే 21న నాసిరుద్దౌలా చేత రెసిడెంట్ కల్నల్ లో సంతకం పెట్టించుకున్నాడు. బీరారు, రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గం ప్రాంతం ఆంగ్లేయుల చేతికి పోయాయి. అప్పులు ఇంకా ఉన్నాయి, ఇతర ఒత్తిళ్లూ ఉన్నాయి, కాని ఒప్పందానికి పైకి చెప్పిన కారణం సైనికుల జీతం బాకీ. 1860లో రాయచూరు, నల్‌దుర్గం వెనక్కి వచ్చాయి. బీరారు తిరిగి నిజాం పాలన కిందికి రానేలేదు.

కాబట్టి జీతం పెద్దదా చిన్నదా అన్న ప్రశ్న ఈ నేల మీద ఎప్పుడూ రెండోదే. మొదటి ప్రశ్న, ఆ జీతానికి ఏ రాబడిని కట్టేశారన్నది.

విమానాశ్రయాన్ని ఈ కొలతతో చూడండి. అదీ అప్పు మీద కట్టిందే. కానీ దాని ఒప్పందంలో రాబడి రాసిపెట్టి ఉంది. దిగే విమానం ల్యాండింగ్ రుసుము కడుతుంది. ఎక్కే ప్రయాణికుడు టికెట్‌లోనే వినియోగదారుల అభివృద్ధి రుసుము కడతాడు. ఆ రుసుములను నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. నగరం పెరిగినకొద్దీ ప్రయాణికులు పెరుగుతారు. మొదట్లో జీఎంఆర్‌కు 63 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13, విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13, మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11 శాతం వాటాలు ఉండేవి. వ్యాపారం ఒక ఏడాది కుంటినా నిలబెట్టే చేతులు నాలుగుండేవి. ఆధునిక జాగీరు అనవచ్చు దాన్ని. క్రికెట్ జట్టుకు అలాంటి ఏర్పాటు లేదు. టీవీ హక్కుల సొమ్ములో లీగ్ పంచే వాటా ఒక్కటే కాస్త నమ్మకమైనది. మిగిలిన ప్రకటనల ఆదాయం గెలుపోటముల మీద, టికెట్ల డబ్బు సొంతూళ్లో ఆడటం మీద ఆధారపడి ఉంటాయి. ఈ సొంతూరి సంగతే హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్‌ను ఎలా దెబ్బతీసిందో చూద్దాం.

2008 ఏప్రిల్ 22, ఉప్పల్ స్టేడియం. హైదరాబాద్ జట్టు సొంతగడ్డ మీద ఆడిన మొదటి ఆట. ఎదురుగా వచ్చింది జీఎంఆర్ వారి ఢిల్లీ డేర్‌డెవిల్స్. శంషాబాద్ తెరిచి సరిగ్గా నెల. విమానాశ్రయం కట్టినవాళ్ల జట్టుకూ, ఊరి పత్రికవాళ్ల జట్టుకూ పోటీ. చార్జర్స్ 142 పరుగులు చేస్తే, సెహ్వాగ్ 41 బంతుల్లో 94 కొట్టి, పదమూడు ఓవర్లలోనే ఆట ముగించేశాడు. తొమ్మిది వికెట్ల ఓటమి. రెండు రోజుల తర్వాత అక్కడే రాజస్థాన్ మీద సైమండ్స్ 53 బంతుల్లో 117 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పాడనిపించిన ఇన్నింగ్స్ అది. 214 పరుగులు చేసిన జట్టు ఓడుతుందని ఎవరూ అనుకోలేదు. చివరి ఓవర్ వేయడానికి బంతి అందుకున్నదీ సైమండ్సే. షేన్ వార్న్ అతన్ని సిక్సర్లతో ఉతికి, ఒక బంతి మిగిలి ఉండగా గెలిపించుకుపోయాడు. ఆ రాత్రిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. అంత గొప్పగా ఆడినవాడి చేతిలోనే ఆ ఓటమి రాసి ఉండటం చూసినవాళ్లు మరిచిపోలేరు.

తర్వాత కొద్ది మ్యాచ్‌లకే అతను ఆస్ట్రేలియా జట్టుతో వెస్టిండీస్ వెళ్లిపోయాడు. ఖరీదైన ఒప్పందంలో ఉండే అసలు ప్రమాదాల్లో ఇది మొదటిది: డబ్బు పెట్టేది జట్టు, మనిషి మీద మొదటి హక్కు అతని దేశానిది. లక్ష్మణ్ గాయపడ్డాడు, గిల్‌క్రిస్ట్ పగ్గాలు పట్టాడు. పద్నాలుగు మ్యాచ్‌లలో రెండే గెలుపులు. ఆ రెండూ బయటి ఊళ్లలో. ఉప్పల్‌లో ఆడిన ఏడింటికి ఏడూ ఓడిపోయారు. పట్టికలో ఆఖరి స్థానం.

మరుసటి ఏడు లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి, భద్రత కుదరదని లీగ్ మొత్తాన్ని దక్షిణాఫ్రికాకు తరలించారు. హైదరాబాద్‌లో ఒక్క ఆటా లేదు. అక్కడ మాత్రం అదే జట్టు అద్భుతం చేసింది. మే 22న సెంచూరియన్‌లో సెమీఫైనల్, ఎదురుగా మళ్లీ ఢిల్లీ. లీగ్ దశలో అందరికంటే పైన నిలిచిన ఢిల్లీని గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టి ఇంటికి పంపాడు. 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. గిబ్స్ 53 పరుగులతో నిలబడి 143 దాకా లాక్కొచ్చాడు. అవతల అనిల్ కుంబ్లే పదహారు పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. అయినా బెంగళూరు ఆరు పరుగుల దూరంలో ఆగిపోయింది. ప్రజ్ఞాన్ ఓఝా మూడు వికెట్లు, సైమండ్స్ రెండు. ఆర్పీ సింగ్ ఆ టోర్నీలో 23 వికెట్లతో అందరికంటే ముందు నిలిచాడు. వేలంలో 'ఇంత పోసి కొన్నారా' అని జనం నొచ్చుకున్న పేర్లే కప్పు తెచ్చిపెట్టాయి.

కప్పు గెలిచిన జట్టును సొంతూళ్లో చూసుకునే భాగ్యం హైదరాబాద్‌కు ఆ మరుసటి ఏడాదీ దక్కలేదు. 2009 డిసెంబరు తర్వాత తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా లేచింది. 2010 మ్యాచ్‌లను నాగ్‌పూర్‌కు, కటక్‌కు, నవీ ముంబయికి మార్చారు. ఉద్యమం న్యాయమైన ఆకాంక్ష మీద లేచింది, ఆ రోజుల్లో ఆట ముఖ్యం కాదు. జట్టు జమాఖర్చు వైపు నుంచి చూస్తే మాత్రం, విజేతగా సొమ్ము చేసుకోవాల్సిన ఏడాది, స్టేడియం నిండాల్సిన ఏడాది, పేరున్న జట్టుకు ఊరు లేకుండా పోయింది. రెండు వరుస సీజన్లు హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క టికెట్టూ అమ్ముకోలేదు. ఏ ఆటగాడి జీతమూ చేయనంత నష్టం ఆ ఖాళీ కుర్చీలు చేసి ఉంటాయని నా నమ్మకం.

2011లో కొత్త వేలం. రోహిత్ 20 లక్షల డాలర్లకు ముంబయి జట్టుకు వెళ్లిపోయాడు. సైమండ్స్ కూడా అక్కడికే, 8 లక్షల 50 వేలకు. మూడేళ్లలో అతని ధర అయిదు లక్షల డాలర్లు తగ్గింది. చార్జర్స్ డేల్ స్టెయిన్‌ను 12 లక్షలకు, సంగక్కరను 7 లక్షలకు తెచ్చుకున్నారు. ఆ ఏడాది ఏడో స్థానం, తర్వాతి ఏడాది ఎనిమిదో స్థానం.

2012 నాటికి మాతృసంస్థ అప్పులు బయటికి వచ్చాయి. పత్రిక వ్యాపారం, జట్టు వ్యాపారం ఒకే కంపెనీ గొడుగు కింద ఉండటం వల్ల ఒకదాని రోగం రెండోదానికి పాకింది. జట్టు హక్కులను బ్యాంకులకు తాకట్టు పెట్టారన్నది బీసీసీఐ అభ్యంతరాల్లో ఒకటి. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు ఆగిపోయాయి అన్నది ఇంకోటి. ఆగస్టు 16న ముప్పై రోజుల గడువుతో నోటీసు ఇచ్చారు. సెప్టెంబరు 13న కంపెనీయే జట్టును అమ్మకానికి పెట్టింది. వచ్చింది ఒకే ఒక్క పాట, పీవీపీ సంస్థ 900 కోట్లు. డబ్బు చెల్లించే విధానం కుదరక దాన్ని కాదన్నారు. మర్నాడు బీసీసీఐ ఒప్పందం రద్దు చేసింది.

కంపెనీ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. వంద కోట్లకు బ్యాంకు గ్యారంటీ తెచ్చి చూపిస్తే జట్టు నీదేనని చివరి అవకాశం ఇచ్చారు. నాలుగేళ్ల కిందట 10.7 కోట్ల డాలర్లు పాడిన సంస్థకు వంద కోట్ల పూచీ ఇచ్చే బ్యాంకు దొరకలేదు. మన ఊళ్లో చెరువు పాట పాడేవాణ్ని పంచాయతీ మొదట అడిగేది ధరావత్తు. పాట తర్వాత సంగతి. ఇక్కడ పాట ముందు జరిగింది, ధరావత్తు అడిగేసరికి పుణ్యకాలం దాటిపోయింది. అక్టోబరు 25న హైదరాబాద్ జట్టుకు కొత్త వేలం పెడితే చెన్నైకి చెందిన సన్ టీవీ ఏడాదికి 85 కోట్ల అయిదు లక్షల చొప్పున పాడుకుంది. పాత వాయిదాకు దాదాపు రెట్టింపు. పేరు సన్‌రైజర్స్ అయింది. స్టెయిన్, సంగక్కర, ధావన్ లాంటి వాళ్లు ఒప్పందాలతో సహా కొత్త యజమాని దగ్గరికి వచ్చారు. పెద్ద ఆటగాళ్లకు తోవ దొరికింది. కిట్లు మోసినవాళ్లు, ఫిజియోలు, ఆఫీసు గుమస్తాలు, బాకీ పడ్డ హోటళ్లు, వాహనాల వాళ్లు, వీళ్ల గురించి ఆ రోజుల వార్తల్లో ఒక్క వాక్యమూ నాకు కనిపించలేదు. చరిత్ర రాసేవాణ్నిగా నాకు పట్టేది ఆ వాక్యం లేకపోవడమే.

కథ కోర్టుల్లో ఇంకా చాలా దూరం నడిచింది. మధ్యవర్తిగా వచ్చిన మాజీ న్యాయమూర్తి సి.కె. ఠక్కర్, గడువు ఒక రోజు మిగిలి ఉండగానే రద్దు చేశారని తప్పుపట్టి, 2020 జులైలో బీసీసీఐ 4,800 కోట్లకు పైగా కట్టాలని తీర్పు చెప్పారు. ఆ లోపలే దక్కన్ క్రానికల్ సంస్థ హైదరాబాద్ కంపెనీ లా ట్రైబ్యునల్‌లో దివాలా ప్రక్రియకు చేరింది. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ మధ్యవర్తి తీర్పును కొట్టేసింది.

ఢిల్లీ జట్టు సంగతేమిటి? అది ఇప్పటిదాకా ఒక్కసారీ కప్పు గెలవలేదు. ఫైనల్ దాకా వచ్చిందే 2020లో ఒకసారి. అయినా బతికింది. జీఎంఆర్‌కూ గడ్డురోజులు వచ్చాయి, ఆ సంస్థ అప్పులూ తక్కువేం కాదు. ఇరుకున పడ్డప్పుడు వాళ్లు ఆస్తులు అమ్మి అప్పు తగ్గించుకుంటూ వచ్చారు. 2018లో ఢిల్లీ జట్టులో సగం వాటాను జేఎస్‌డబ్ల్యూకు 550 కోట్లకు ఇచ్చారు. మొత్తం జట్టుకు మొదట పాడింది అప్పటి లెక్కలో 336 కోట్లే. అంటే సగం అమ్మితే మొత్తం ఖరీదు కంటే ఎక్కువ చేతికొచ్చింది. కప్పు గెలిచిన జట్టు మాయమై, గెలవని జట్టు విలువ పెరగడం చూస్తే, ఆట మైదానంలో గెలుపు వేరు, పద్దులో గెలుపు వేరు అని తెలుస్తుంది. ఎంత పెద్ద సంస్థ అన్నదానికంటే, నెత్తి మీద వాన పడ్డప్పుడు అమ్ముకోగలిగింది ఏముందన్నది ముఖ్యం.

ఈ రోజు ఐపీఎల్ జీతాలు ఎందుకు భయపెట్టవో కూడా చెప్పాలి. 2022లో అయిదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అందుకే 2023 డిసెంబరులో సన్‌రైజర్స్ పాట్ కమిన్స్‌కు 20 కోట్ల 50 లక్షలు ఇచ్చినా పద్దు కదల్లేదు. 2008లో ఆటగాళ్లందరికీ కలిపి గీసిన గీత ఇప్పుడు ఒక్క మనిషి జీతం. జాగీరు పెద్దదైంది కాబట్టి సిపాయి జీతమూ నిలబడింది.

హాకీకి ఆ జాగీరు లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే డబ్బు పెట్టే లీగ్ అన్న ఆలోచన ఈ నగరంలో క్రికెట్ కంటే ముందు హాకీకే వచ్చింది. 2005 జనవరిలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ మొత్తం హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలి టర్ఫ్ మీద జరిగింది. విజేత హైదరాబాద్ సుల్తాన్స్. ఐపీఎల్ పుట్టడానికి మూడేళ్ల ముందు మాట. 2008లో ఆ లీగ్ ఆగిపోయింది. 2012లో వచ్చిన వరల్డ్ సిరీస్ హాకీ ఒక్క సీజన్‌తో ముగిసి, ఆటగాళ్లకు బాకీలు మిగిల్చింది. 2013లో మొదలైన హాకీ ఇండియా లీగ్ 2017 తర్వాత ఆగి, 2024 చివర్లో మళ్లీ లేచింది. ఇప్పుడు మన జట్టు హైదరాబాద్ తూఫాన్స్.

2024 అక్టోబరు వేలంలో ఒక్కో పురుషుల జట్టుకు నాలుగు కోట్ల సంచి ఇచ్చారు. తూఫాన్స్ అందులోంచి 68 లక్షలు గొంజాలో పెయాట్‌కు పెట్టారు. ఆ వేలంలో విదేశీ ఆటగాళ్లలో అదే పెద్ద ధర. 2016 రియోలో అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణం, తర్వాత జర్మనీ తరఫున 2023 ప్రపంచకప్పు గెలిచిన పెనాల్టీ కార్నర్ నిపుణుడతను. సంచిలో పదిహేడు శాతం ఒక్కడికి. సైమండ్స్ వాటా ఇరవై ఏడు శాతం. ఆ లెక్కన తూఫాన్స్ చాలా జాగ్రత్తపడ్డారు. జట్టు ఫైనల్‌కు వెళ్లింది, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో బెంగాల్ టైగర్స్ చేతిలో 3–4తో ఓడింది. మొత్తం సీజన్ రూర్కెలా, రాంచీల్లోనే జరిగింది. హైదరాబాద్ పేరున్న హాకీ జట్టు హైదరాబాద్‌లో ఒక్క ఆటా ఆడలేదు. 2010లో చార్జర్స్‌కు ఉద్యమం వల్ల వచ్చిన పరిస్థితి ఇక్కడ మొదటి రోజు నుంచే ఉంది. మరుసటి సీజన్‌కు ఉత్తరప్రదేశ్ జట్టు యూపీ రుద్రాస్ ఖర్చు గిట్టుబాటు కాదని తప్పుకుంది. నాలుగు కోట్ల సంచి చిన్నదే. దాని వెనక టికెట్టు, ఊరు, టీవీ సొమ్ము లేనప్పుడు చిన్న సంచీ బరువే.

ఉత్తర అమెరికా మంచు హాకీలో సంచులు పెద్దవి, ప్రమాదమూ అంతే పెద్దది. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ జట్టు 1998లో దివాలా తీసింది. ఆ జట్టు బాకీ పడ్డవాళ్లలో అందరికంటే ముఖ్యుడు దాని మాజీ ఆటగాడు మారియో లెమ్యూ. జీతంలో కొంత తర్వాత తీసుకుంటానని వదిలేస్తూ వచ్చాడు, అది మూడు కోట్ల డాలర్లు దాటింది. ఆ డబ్బు నగదుగా రాదని తేలాక, బాకీలో చాలాభాగాన్ని వాటాగా మార్చుకుని 1999లో జట్టుకు యజమాని అయ్యాడు. మరుసటి ఏడాది డిసెంబరులో మళ్లీ స్కేట్లు కట్టుకుని సొంత జట్టు తరఫున మైదానంలోకి దిగాడు. జీతం బాకీ పడ్డ ఆటగాడికి దివాలా చట్టం ముందు, ఆ బేరం ముందు ఒక కుర్చీ దొరికింది. న్యూయార్క్ ఐలాండర్స్ కథ ఇంకోలా ఉంది. గోల్‌కీపర్ రిక్ డిపియెట్రోకు 2006లో పదిహేనేళ్లకు 6 కోట్ల 75 లక్షల డాలర్లు రాసిచ్చారు. గాయాలతో అతను ఆడలేకపోయాడు. 2013లో ఒప్పందం తెంచుకోవడానికి 2029 దాకా ఏటా 15 లక్షలు ఇస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆడని మనిషికి ఇంకా వాయిదా కడుతూనే ఉన్నారు.

మన దగ్గర ఇటీవలి గాయం ఫుట్‌బాల్‌ది. 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం ఇల్లు. కొవిడ్ వల్ల రెండు సీజన్లు గోవాలోనే ఆడాల్సి వచ్చింది. మనోలో మార్కెజ్ శిక్షణలో, నైజీరియా నుంచి వచ్చిన ఓగ్బెచె ఆ ఏడాది పద్దెనిమిది గోల్స్ కొట్టగా, 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ చాంపియన్ అయింది. మరుసటి ఏడు లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆటగాళ్ల జీతాలకు ఇక్కడా లీగ్ గీత ఉంది. అయినా డబ్బు ఆగింది. బాకీల వల్ల కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోవద్దని ఫిఫా నిషేధం వేసింది.

2023–24 సీజన్‌లో చాలామంది విదేశీ ఆటగాళ్లు ఒప్పందం తెంచుకుని శంషాబాద్ నుంచి విమానమెక్కి వెళ్లిపోయారు. పేరున్న భారతీయులూ వేరే ఊళ్లకు సర్దుకున్నారు. ఇంకెక్కడా చోటు దొరకని పిల్లలు, పైకి రావడానికి ఇదొక్కటే మెట్టు అనుకున్న కుర్రాళ్లు మిగిలారు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో వాళ్లనే పెట్టుకుని వారం వారం బస్సెక్కించి మైదానానికి తీసుకెళ్లాడు. సీజన్ మొత్తంలో వాళ్లకు దక్కింది ఒకే ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు. కింది నుంచి మొదటి స్థానం. యాజమాన్యం మారింది, బీసీ జిందాల్ గ్రూపు వచ్చింది. 2025లో జట్టును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. రెండేళ్ల ముందు విదేశీయులు వెళ్లిన టెర్మినల్ నుంచే, ఈసారి జట్టు పేరే విమానమెక్కింది.

(ఇంకా ఉంది)